పేరు కొట్టించిన గ్రైండరు

సామాను మీద పేరు కొట్టించే ఆచారాన్ని ఎవరు మొదలుపెట్టారో గాని, ఆ మహానుభావుడి కాలంలో సామాన్లు మనుషులకంటే ఎక్కువ కాలం బతికేవి. తమిళం మాట్లాడే ఉప్పళంలో వేలాయుధం ఇంట్లో ఇప్పటికీ ఒక ఇత్తడి బిందె ఉంది. దాని మెడ చుట్టూ వాళ్ళ అవ్వ పేరు ఉంది. అవ్వ పోయింది, అవ్వ కొడుకు పోయాడు, బిందె మాత్రం చుక్క కారకుండా నిలబడింది. ఇప్పుడు కొంటున్న వాటి గురించి మాట్లాడితే నోరు పాడుచేసుకోవడమే. బకెట్టు ఎత్తితే పిడి చేతికొస్తుంది, బకెట్టు కిందే ఉంటుంది. గొడుగు మొదటి వానకే వెనక్కి తిరుగుతుంది. పండక్కి చెప్పులు కొంటే పండగ రోజే పట్టీ తెగుతుంది. వీటి మీద పేరు కొట్టించబోతే ఇనీషియలు దగ్గర మొదలుపెట్టి పేరు చివరికి వచ్చేలోపే వాటికి ఆయుష్షు తీరిపోయేట్టుంది.

ఇదంతా తెలిసి కూడా వేలాయుధం తన చెల్లెలికి ఇచ్చిన గ్రైండరు మీద పేరు కొట్టించాడు. అతను చేసిన తప్పల్లా అదే. మరొకరైతే తెలివితక్కువవాడని తిట్టిపోసేవాళ్ళం. పుట్టింటివాడు ప్రేమకొద్దీ చేసిన పనిని ఏమని తిడతాం?

వేలాయుధం నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పే ప్రభుత్వ ఉద్యోగి. అతనికి ఉన్నది ఒక్కతే చెల్లెలు, మునెమ్మ. ఆమెను గోరిమేడులో ఇచ్చారు. మొగుడు జగన్నాథన్ నెమ్మదైన మనిషి. అత్త అంగమ్మాళ్ నోటికి మాత్రం వీధి వీధంతా పక్కకు తప్పుకుంటుంది. కిందటేడు వాళ్ళు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నారు. పుట్టింటి సీరు తీసుకెళ్ళాల్సింది వేలాయుధమే. సీరంటే పసుపు కుంకుమ, చీర, పళ్ళు, వాటి వెనకాల నలుగురి కంట్లో పడేలా ఒక పెద్ద వస్తువు. ఆ వస్తువు ఎలా ఉంటే ఆడపిల్ల మాట అత్తింట్లో అలా చెల్లుతుంది. ఇది న్యాయమా అని అడిగితే కాదనే చెప్తాను. కానీ జరిగేది అదే.

వేలాయుధం పెద్ద కొట్టుకు వెళ్ళి, తళతళలాడే స్టీలు బాడీ ఉన్న గ్రైండరు ఏరి కొన్నాడు. అక్కణ్ణించి నేరుగా పాత్రల అంగడికి తీసుకెళ్ళి ముందువైపు పేరు కొట్టించాడు. "అన్న పి. వేలాయుధం, ఉప్పళం" అని తమిళ అక్షరాల్లో. ఇంట్లో తరతరాలుగా మాట్లాడుకునేది తెలుగే అయినా తెలుగు రాత చదవగలిగినవాళ్ళు ఆ బంధువర్గంలో ఎవరూ లేరు. గృహప్రవేశం రోజున గ్రైండరును నడింట్లో దించగానే ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. అంగమ్మాళే వంగి ఆ పేరు పైకి చదివింది. అంతమందిలో మునెమ్మ ముఖం చూడాల్సింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆమె ఆ అక్షరాలను తడిగుడ్డతో తుడిచి, పక్కన కుంకుమ బొట్టు పెట్టేది.

తొమ్మిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం వేలాయుధం చెల్లెలింటికి వెళితే ఇడ్లీలు పెట్టారు.

"నీ గ్రైండరు మావే అన్నా, తిను" అంది మునెమ్మ, అత్తకు వినిపించేలా. మావంటే పిండి. అక్కడి తెలుగువాళ్ళు పిండి అని పండగలకే అంటారు.

వేలాయుధం తృప్తిగా తిని, చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. చెత్త బకెట్టులో, అరిటాకు కింద దాచినట్టుగా, ఇడ్లీపిండి పాకెట్టు కవరు కనిపించింది. అతను దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకునేసరికి మునెమ్మ వెనకాలే వచ్చి లాక్కుంది.

"మెల్లగా అన్నా, అత్త వింటాది. రెండు నెల్లయింది. స్విచ్చేస్తే ఉరుముతాది, రాయి తిరగదు."

"నాకు చెప్పలేదేంది?"

"చెప్పి? నువ్వు తెచ్చింది అప్పుడే పోయిందని తెలిస్తే ఆమె నన్ను బతకనిస్తాదా? పొద్దున్నే ఆమె గుడికి పోతాది గదా, ఆ లోపల పాకెట్టు కొని డ్రమ్ములో పోసి పెడతా ఉండా." మునెమ్మ కవరును మడిచి కొంగులో దోపుకుంది. "ఇన్నాళ్ళు ఎట్లో జరిగింది. వచ్చే ఆడి నెల్లో వీరాంపట్టినంలో అమ్మోరి తేరు లాగే పండక్కి నా ఆడబిడ్డలిద్దరూ పిల్లల్తో వచ్చి దిగుతారు. ఇంటినిండా జనం. వాళ్ళ ముందర యాడ పాకెట్టు కొనేది? ఆ లోపల రాయి తిరగాల అన్నా. నా మానం నీ చేతిలో ఉండాది."

చెల్లెలు తన పరువు కోసం రెండు నెలలుగా సొంత ఇంట్లో దొంగలా బతుకుతోందని తెలిసేసరికి వేలాయుధం నేరుగా వంటింట్లోకి నడిచాడు. సర్వీసు చేయిస్తానని అంగమ్మాళ్‌తో అబద్ధం చెప్పి, గ్రైండరును గోనెసంచిలో చుట్టి బండి మీద పెట్టుకుని బయలుదేరాడు.

కొట్టులో మేనేజరు రాఘవన్ చల్లగా ఏసీ కింద కూర్చుని ఉన్నాడు. వారంటీ రెండేళ్ళు కాబట్టి వేలాయుధం ధైర్యంగానే మాట్లాడాడు. మేనేజరు అడుగున స్క్రూలు విప్పించి చూశాడు.

"లోపల పళ్ళచక్రం అరిగిపోయింది సార్. ప్లాస్టిక్‌ది."

"రాయిని తిప్పేదానికి ప్లాస్టిక్ పెట్టినారా?"

"ఇప్పుడన్నీ అంతే. అది విడిగా దొరకదు. మోటారుతో కలిపి కంపెనీవాళ్ళే మార్చాలి." అంటూ మేనేజరు గ్రైండరును ముందుకు తిప్పి ఆగిపోయాడు. "ఇదేంటి సార్, బాడీకి తూట్లు పొడిచారు?"

"తూట్లేంది? అది నా పేరు. మా చెల్లెలికి సీరు ఇచ్చినాను."

"కంపెనీకి సీరూ గీరూ తెలీదు. బాడీ మీద చెక్కినా, కోసినా, తొలిచినా వారంటీ చెల్లదు. ఇదుగో, రాసుంది." మేనేజరు కార్డు వెనకవైపు చూపించాడు. చీమలు బారులు తీరినట్టు ఇంగ్లీషు అక్షరాలు. కళ్ళద్దాలున్నవాడు కూడా భూతద్దం అడిగి తీసుకోవాల్సిందే.

"లోపల చక్రం అరిగితే బయట ఉండే పేరు ఏం చేసింది సార్? నా పేరు పోయి దాన్ని కొరికిందా?"

మేనేజరు నవ్వాడు. నవ్వడానికే వాళ్ళకు జీతం. "రూలు సార్. ఆ పేరే లేకపోతే ఈరోజే పంపించేవాణ్ణి. దీన్ని ఇచ్చేసి కొత్త మోడల్ తీసుకోండి, దీనికి ఎంతో కొంత తగ్గిస్తాం."

కొత్త మోడల్ ఎర్రగా, పొట్టిగా ఉంది. దాన్ని తీసుకెళ్ళి ఇదే పాతది అంటే అంగమ్మాళ్ కాదు కదా, గుడ్డివాళ్ళు కూడా నమ్మరు. పాత మోడల్ ఇప్పుడు తయారు చేయడం లేదట. తొమ్మిది నెలల కింద అద్దాల్లో పెట్టి అమ్మిన వస్తువు అప్పుడే పాతదైపోయింది. దాన్ని తయారుచేసినవాడి ఇంట్లో పసిపిల్లలు కూడా అంత తొందరగా పాతబడతారేమో అడగాలి.

వేలాయుధానికి రాత్రంతా మేనేజరు అన్న ఒక్క మాటే చెవిలో మోగింది. ఆ పేరే లేకపోతే. మునిగేవాడికి ఏది దొరికినా పట్టుకుంటాడు. మర్నాడు డ్యూటీ దిగగానే ఇనుప, స్టీలు సామాన్లకు పాలిష్ పట్టే తంగవేల్ దగ్గరికి వెళ్ళాడు.

తంగవేల్ గ్రైండరును చూశాడు, పేరును చూశాడు, వేలాయుధాన్ని ఎగాదిగా చూశాడు. "బిల్లుందా అన్నా?"

"బిల్లెందుకు?"

"తప్పుగా అనుకోవద్దు. పేరు తీయించేదానికి నా దగ్గరికి ఎవరొస్తారో నీకు తెలీదా?"

తెలుసు. ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. పేరు గీకేసిన గిన్నె కనిపిస్తే అది ఎవరింట్లోనో ఎత్తుకొచ్చింది అయి ఉంటుంది. వేలాయుధం జేబులోంచి బిల్లు తీసి, తన పేరును తను తీయించుకోవడానికి తనే యజమానినని రుజువు చేసుకున్నాడు. ఇంతకంటే సిగ్గు ఉంటుందా? చక్రం గిర్రున తిరిగి నిప్పురవ్వలు లేచాయి. మొదట ఉప్పళం పోయింది, తర్వాత వేలాయుధం పోయాడు, అన్న అనే మాట కొంచెం లోతుగా పడిందేమో చివరిదాకా పోకుండా మొండికేసింది. తంగవేల్ చక్రాన్ని ఇంకాస్త గట్టిగా నొక్కాడు. వేలాయుధం ఆ పక్కకు చూడలేక రోడ్డు మీది బండ్లను చూస్తూ నిలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చింది. మగవాడు పాలిష్ అంగట్లో ఏడిస్తే బాగుండదని దిగమింగుకున్నాడు.

గ్రైండరును మళ్ళీ కొట్టుకు తీసుకెళితే మేనేజరు ఫోనుతో నాలుగువైపులా ఫోటోలు తీసి కంపెనీకి పంపించాడు. ఇవాళ, రేపు అంటూ రోజులు గడిపారు. వేలాయుధం రోజూ వెళ్ళి గాజు తలుపు తోసుకుని లోపలికి పోవడం, రోజూ వట్టి చేతులతో బయటికి రావడం. తేరు రేపనగా జవాబు వచ్చింది. మేనేజరు ఫోనులో చూసి చదివాడు. "బాడీని అరగదీసి, ఉన్న రూపం మార్చారు. వారంటీ చెల్లదు."

"నువ్వే గదయ్యా పేరు లేకపోతే పంపిస్తానన్నావు!"

"పంపించాను కదా సార్."

వేలాయుధం అరిచాడు. ఎన్నడూ పరాయివాళ్ళెవరినీ ఏకవచనంతో పిలవనివాడు ఆ రోజు కంపెనీవాళ్ళ తాతముత్తాతలను కూడా వదల్లేదు. టీవీలు చూస్తున్నవాళ్ళంతా వెనక్కి తిరిగి ఇతన్ని చూశారు. ఒక సెక్యూరిటీ మనిషి వచ్చి మర్యాదగానే భుజం మీద చేయి వేశాడు. ఎవడి మీద అరవాలో వాడు అక్కడ లేడు. వాడు ఏ ఊళ్ళో ఉంటాడో, వాడి ముఖం ఎలా ఉంటుందో ఈ దేశంలో ఏ కొనుగోలుదారుడూ చూసి ఉండడు.

సాయంత్రం గోరిమేడు చేరేసరికి మునెమ్మ ఇంటి ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి. ఆడబిడ్డలు వచ్చేశారు. స్పేరు పార్టు ఇంకా రాలేదని చెప్పి గ్రైండరును, పేరు తీసిన వైపు గోడకు తిప్పి, మూలన పెట్టేద్దామని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. వాకిట్లో దించాడో లేదో, అంగమ్మాళ్ ఎదురొచ్చింది.

"వచ్చినావా వేలాయుధం? సర్వీసుకని పోయింది తిరిగే వస్తాదా రాదా అని అనుకుంటా ఉంటిమి" అంటూ గోనెసంచి లాగేసింది.

పేరున్న చోట అరచేయంత మచ్చ, మిగతా బాడీకంటే తెల్లగా, అద్దంలా మెరుస్తూ కనిపించింది.

"పేరేదీ?" అంది అంగమ్మాళ్.

ఆడబిడ్డలు గడపలోకి వచ్చారు. వాళ్ళ వెనక మునెమ్మ వచ్చింది.

"అదీ... అత్తా..." అన్నాడు వేలాయుధం.

"పేరు గీకిన సామాను నా ఇంట్లోకి తెస్తావా? మాకిచ్చిన సీరు యాడ అమ్ముకున్నావు? దీన్ని ఎవరింట్లో ఎత్తుకొచ్చినావు?"

"ఇది అదే అత్తా! ప్రమాణంగా అదే!" వేలాయుధం మొత్తం చెప్పేశాడు. ప్లాస్టిక్ చక్రం, వారంటీ కార్డు, మేనేజరు, కంపెనీ, పాలిష్. చెప్పేకొద్దీ అది మరీ కల్లబొల్లి కథలా వినిపించింది. రాయి తిరగకపోవడానికీ పేరు గీకించడానికీ సంబంధం ఏమిటో ఆ వాకిట్లో ఎవరికీ అర్థం కాలేదు. అసలు సంబంధం లేనిదే కదా, ఎలా అర్థమవుతుంది? బిల్లు తీసి చూపించాడు. బిల్లు మీద గ్రైండరని ఉంది గాని, ఈ గ్రైండరే అని ఎక్కడుంది? పెద్ద ఆడబిడ్డ చిన్నదాని చెవిలో ఏదో అంది. ఇద్దరూ పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మునెమ్మ ఒక్కతే నమ్మింది. ఆమె మెట్టు దిగి వచ్చి, వంగి, ఆ తెల్లటి మచ్చ మీద చేయి పెట్టి చూసింది. అక్షరాలేమైనా చేతికి తగులుతాయేమోనని వెతికినట్టు అటూ ఇటూ రాసింది.

"వారంటీ కోసరం నీ పేరు తీసేసినావా అన్నా?"

"నీ రాయి తిరగాలని గదమ్మా..."

"రాయి తిరక్కపోతే పోయింది. మావు కొనుక్కుంటా ఉంటిని గదా. నీ పేరు యాడ కొనుక్కునేది?"

వేలాయుధం గ్రైండరును మళ్ళీ బండి మీదికి ఎక్కించుకున్నాడు. మునెమ్మ లోపలికి వెళ్ళిపోయింది.