మొదటి గుమ్మం

మెట్లన్నీ దిగిన బుర్మకాన్ మళ్ళీ పైకెక్కి, గ్యాస్ పొయ్యి ఆపిందో లేదో చూసింది. ఆపే ఉంది. తాళం వేసి, తలుపు లాగి, ఇంకోసారి లాగింది. ఎదురింటామె తల బయటపెట్టి, "ఏదో ఒక రోజు ఆ తలుపు ఊడి నీ చేతికొస్తుంది చూడు" అంది. బుర్మకాన్‌కి నవ్వు రాలేదు. ఇవాళ మందు పరీక్ష ఫలితాలు తెరవాలి.

బిష్కెక్‌లోని ఒక వైద్య పరిశోధన సంస్థలో ఆమె గణాంకాలు చూస్తుంది. చిన్న మనిషి. వేసవిలోనూ చలేస్తున్నట్టు భుజాలు ముడుచుకునే ఉంటాయి. బొటనవేలి గోరు కొరికి కొరికి అరిగిపోయింది. ఇంట్లో వాళ్ళు, భర్త బతికున్నన్నాళ్ళూ ఆయనా, ఆమె భయాన్ని వెక్కిరించినవాళ్ళే. ఆ భయం అక్కరకొచ్చింది ఇక్కడ, ఆఫీసు గదిలోనే. మందును నమ్మడం డాక్టర్ల పని, అనుమానించడం ఆమె పని.

పాలు పితికేవాళ్ళకీ, గొర్రెల కాపరులకీ పశువుల నుంచి అంటుకునే జ్వరానికి కొత్త మందు అది. దాని వల్ల మూడు మేళ్ళు జరగాలని ఆశ: జ్వరం తిరగబెట్టకూడదు, కీళ్ళనొప్పి తగ్గాలి, మనిషి మళ్ళీ పనిలోకి వెళ్ళాలి. మూడూ చూసి, బాగున్నదాన్ని ఏరి చూపిస్తామంటే కుదరదు. అన్నిసార్లు గాలం వేస్తే ఉత్తి అదృష్టానికైనా ఒక చేప పడుతుంది. అందుకే మొదటి మాత్ర ఇవ్వకముందే ఏది ముందో ఏది తర్వాతో వరస రాసి, అనుమతిచ్చే పై అధికారులకు పంపేశారు. మొదటి గుమ్మం దాటితేనే రెండోది. దాటలేకపోతే అక్కడితో సరి.

ఆ వరస దగ్గరే, పరీక్ష నడిపే డాక్టర్ సబిర్దిన్‌తో ఆమెకు పోట్లాట అయింది. "జనం ఏడ్చేది నొప్పికే. దాన్ని ముందు పెట్టు" అన్నాడాయన. నొప్పి ఎవరికి వాళ్ళు చెప్పుకునేది, జ్వరమైతే రక్తంలో దొరుకుతుందని ఆమె పట్టుబట్టి నెగ్గింది. జీవితంలో ఆమె నెగ్గిన వాదనలు చాలా తక్కువ.

మొదటి గుమ్మం అంకె వచ్చింది. మందులో గొప్పేమీ లేకపోయినా అంత తేడా కనబడే అవకాశం నూటికి ఐదు దాటకూడదు. ఏడు వచ్చింది. మళ్ళీ లెక్క వేయించింది. ఏడే. చూడకుండా ఉండలేక కిందకి చూసింది. నొప్పి దగ్గర వెయ్యికి మూడే.

నీళ్ళు తాగుదామని వరండాలోకి వచ్చింది. పరీక్షలో మాత్రలు వేసుకున్న ఉర్పియా, తన ఆఖరి రక్తపరీక్ష కాగితం కోసం వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది. పాలు పితికే మనిషి. పిడికిలి బిగించి, విప్పి చూపించింది.

"చూడు అక్కా, వేళ్ళు ఎలా ముడుచుకుంటున్నాయో! మా ఆవు కూడా నా చెయ్యి గుర్తుపట్టింది. ఈ మాత్రలు ఇంకా ఇస్తారుగా?"

"డాక్టరుగారు చెప్తారు" అంది బుర్మకాన్. సగంమందికి కొత్త మందు, సగంమందికి పాతది ఇచ్చారు; ఉర్పియాకి పడింది ఏదో చూడాలంటే క్షణం పని. ఆమె చూడలేదు.

సబిర్దిన్ ఆమె గదిలోకొచ్చి కూర్చునేసరికి కుర్చీ కిర్రుమంది. భారీ మనిషి. చిన్నప్పుడు అదే జ్వరం తుంటిలో దిగి, ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు.

"ఎంత?"

"ఏడు, అన్నా."

"నొప్పి?"

తెర ఆయన వైపు తిప్పింది. ఆయన ముందుకు వంగి చూశాడు.

"నేను చెప్పలా?"

"చెప్పారు."

తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. ఆయన గొంతు తగ్గించాడు. "వరస రాసేటప్పుడు తారుమారైందని రాయి. పొరపాటు నాదేనని రాయి. కాదనేదెవరు?"

"నేనంటాను అన్నా." "ఇంకో పరీక్ష పెడదాం. ఈసారి నొప్పినే ముందు పెడదాం, మీరన్నట్టే."

"మళ్ళీనా!" ఆయన నవ్వాడు. "తాళం పడిందో లేదో మళ్ళీ వెళ్ళి చూసొచ్చినంత తేలికనుకున్నావా? నాకు అంత ఆయువెక్కడిదమ్మా?"

ఆయన వెళ్ళాక తెరను మళ్ళీ తన వైపు తిప్పుకుంది. ఒకవేళ మందు నిజంగా పనిచేస్తుంటే? మళ్ళీ పరీక్ష అయ్యేదాకా ఎన్ని చేతులు బిగుసుకుపోతాయి? వాటిలో ఉర్పియా చేతులు కూడా ఉంటే? ఒకవేళ పనిచేయకపోతే? రెండు భయాలూ సమానంగా బరువున్నాయి. చివరికి రాసింది: మొదటి ఫలితం రుజువు కాలేదు, కాబట్టి మిగిలినవి రుజువయ్యాయని అనలేం. నొప్పి అంకెను దాచలేదు. మళ్ళీ పరీక్షించి చూడదగ్గదని మాత్రం కింద రాసి, ఆయన సంతకానికి పంపింది.

సాయంత్రానికి సంతకం చేరింది. థాంక్స్ చెప్పాలో, క్షమించమనాలో తెలియక ఆయన గదివైపు నడిచింది. వాచ్‌మన్ ఎదురొచ్చాడు.

"లేరమ్మా. నారిన్‌లో వాళ్ళ సొంతూరికి బండి ఎక్కేశారు. ఇంక రారట, ఊళ్ళోనే ఉంటారట. మీతో ఒక మాట చెప్పమన్నారు: ఆ రెండో పరీక్ష పెట్టమను, నన్ను మాత్రం పిలవద్దను అని."

బుర్మకాన్ తలుపు తోసింది. బల్ల మీద ఏమీ లేదు. గదిని వెచ్చబరిచే గొట్టం కింద, పశువుల పాకల్లోకి వెళ్ళినప్పుడు ఆయన తొడుక్కునే రబ్బరు బూట్లు, శుభ్రంగా కడిగి, పాత పేపరు మీద బోర్లించి ఉన్నాయి. వాటి అంచుల నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి.