మీట నొక్కే చెయ్యి

"నీ చెయ్యి రాన్రానూ మొద్దుబారిపోతా ఉండాదే మాలకొండా" అంది మా అత్త హనుమాయమ్మ, తొడ రుద్దుకుంటూ. అప్పుడే ఆమెకు ఇన్సులిన్ వేసి, గాజు సిరంజిని వేడినీళ్ల గిన్నెలో వేశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆమెకు చక్కెర జబ్బని తెలిసినప్పటి నుంచీ ఇదే పని. నేను స్నానం చేసి మడిచీర కట్టుకోవాలి, సూది మరిగించాలి, తడి ఇసుకలో పెట్టిన మందు సీసా తీసి కొలిచి ఎక్కించాలి, వేశాక తిట్లు తినాలి. ఆ తర్వాతే ఆమె అన్నం ముందు కూర్చుంటుంది. నా చెయ్యేమీ మొద్దుబారలేదు. సూది మొద్దుబారింది. కొత్తది తెమ్మని మా ఆయన మల్లికార్జునానికి ఎన్నిసార్లు చెప్పానో. ఆత్మకూరు బజారులో గొడుగులూ, టార్చిలైట్లూ, సైకిలు సామాన్లూ అమ్మే మనిషి, సరుకు కోసం నెల్లూరు పోతూనే ఉంటాడు. సూది ఒక్కటే గుర్తుండదు.

ఆసుపత్రి కాంపౌండరు సామ్యేలు మా వీధి చివరే ఉంటాడు. తానొచ్చి వేసిపోతానని ఎప్పుడో అన్నాడు. "వాడు తాకితే నా మడి ఏం గావాల?" అనేసింది అత్త. పోనీ, ఆ మడి అందరికీ ఒకటేనా? నెలకోసారి నేను బయట చేరినప్పుడు ఏం చేసేదో తెలుసా? ముందు నాచేత సూది వేయించుకుని, ఆ మీదట తలస్నానం చేసి మడి కట్టుకునేది. మూల కూర్చున్నదాన్ని నేను నీళ్ల కుండ తాకకూడదు, పొయ్యి తాకకూడదు. సూదితో ఆమె తొడ మాత్రం తాకవచ్చు! నా అంటు నీళ్లు పోసుకుంటే పోతుంది, సామ్యేలు అంటు పోదు. ఈ మాట గొంతు దాకా వచ్చేది. మింగేదాన్ని. దుకాణానికైనా అమావాస్య సెలవుంది, నాకు లేదు.

ఉదయగిరిలో మా చెల్లెలు వసంతకుమారికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. మాకు అమ్మ లేదు. ఉన్నదల్లా నేను. "పొద్దున సూది వేసి బస్సెక్కు, సాయంత్రం సూది వేళకు వచ్చెయ్" అన్నాడు మా ఆయన, పెద్ద వరమిచ్చినట్టు. బస్సు వేళ చూసుకుని కాన్పవుతుందా? ఆ మాట విన్న రోజు నాకు ఒళ్లంతా మంటగా ఉంది. ఆ మంటలోనే తోచింది. అత్తే తనకు తాను వేసుకోగలిగితే? చేతులు బాగానే ఆడతాయి, అప్పడాలు వత్తుతుంది. సూది కంటపడితేనే వణుకు. అందుకని సూది కనపడకూడదు. పొడవడానికి ధైర్యం అక్కర్లేకుండా ఉండాలి. చేతిలో ఇమిడిపోవాలి.

దుకాణంలో పాడైపోయిన సైకిలు పంపు ఒకటి తెచ్చి, జానెడు గొట్టం కోయించాను. సిరంజి అందులో దాగి కూర్చుంటుంది. వెనక టార్చిలైటు స్ప్రింగు. గొడుగు మూసినప్పుడు టక్కున పట్టుకునే చిన్న ఇనుప మీట ఉంటుంది చూశారా, అది గొట్టానికి పెట్టాను. సిరంజిని వెనక్కి లాగితే మీట పట్టుకుంటుంది, మీట నొక్కితే సూది ఒక్క ఉదుటున దిగుతుంది, తర్వాత బొటనవేలితో మందు తోసుకోవడమే. చెప్పడానికి ఇంతే. స్ప్రింగు మెత్తనైతే సూది చర్మం దగ్గరే ఆగిపోయేది. గట్టిదైతే సిరంజి ఎదురంచుకు కొట్టుకుని పగిలేది. ఒకసారి బాగా పనిచేసి, మరోసారి పట్టు జారేది. అన్నిసార్లూ ఒకేలా దిగకపోతే అది ఎందుకు? ముందు వంకాయల మీద చూశాను, ఆ తర్వాత మందు లేకుండా నా తొడ మీద.

"వంకాయలకు ఈ బొక్కలేందే? పుచ్చులు తెచ్చినానా నేను?" అన్నాడు మా ఆయన అన్నం తింటూ. నవ్వొచ్చింది గానీ చెప్పలేదు.

సిరంజి దెబ్బ తినకుండా పంపులోని వాషరునే గొట్టం అంచున ఉంచాను. అన్నీ కుదిరాయి. మురిసిపోతూ తెచ్చి చూపిస్తే, అత్త గొట్టంలోకి ఒక్కసారి తొంగి చూసింది.

"ఇది తోలు గదంటే! మడిలో ఉండేదానికి తోలు ఆనిస్తావా?" అని పెరట్లోకి విసిరేసింది.

ఇన్నేళ్లు ఈ ఇంట్లో ఉండి నాకే తట్టలేదే అని నన్ను నేను తిట్టుకుంటూ ఏరుకొచ్చాను. తోలు తీసేసి, సైకిలు ట్యూబు రబ్బరు కోసి పెట్టాను. నిజం చెప్పాలంటే అదే ఇంకా బాగా ఆనింది. మర్నాడు అత్త తొడ మీద పెట్టి నొక్కాను. "వేసినావా?" అని అడిగింది. ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకమీదట మీరే నొక్కుకోవచ్చు అత్తా. సామ్యేలు మందు నింపి గడప మీద పెట్టిపోతాడు. మిమ్మల్ని ఎవరూ తాకక్కర్లేదు."

"నువ్వుండంగా నేను నొక్కుకోవడమేంది? ఇప్పుడు నొప్పి లేదుగా, నువ్వే నొక్కు."

సాయంత్రం మా ఆయన ఆ గొట్టం పట్టుకుని డాక్టరు దగ్గరి నుంచి ఉషారుగా వచ్చాడు. "మేము తయారుచేసినామని చూపించినా. అబ్బో అన్నాడు! ఇంకా ముగ్గురికి కావాలంట. కూర్చోని చెయ్యి. ఉదయగిరికి ఎవురో ఒకరు పోతార్లే."

నాకు దారి చేసుకుందామని మొదలుపెడితే, అది నన్ను కట్టేసే ఇంకో గుంజ అయి కూర్చుంది. తప్పు స్ప్రింగులో ఉంటే మార్చేదాన్ని.

నాలుగు రోజులకు చెల్లెలి మొగుడు రమణయ్య ఉదయగిరి బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "వదినా, నొప్పులు మొదలైనాయి. తిరుగు బస్సు సిద్ధంగా ఉండాది." అత్త అప్పుడే తొడ చూపి పీట మీద కూర్చుంది. మందు నింపి, మీట బిగించి, గొట్టం ఆమె చేతిలో పెట్టి వెనక్కి జరిగాను.

"ఏందే, వెయ్యవా?"

"వెయ్యను."

"ఏయ్, అమ్మకు ఆకలిగా ఉండాది" అన్నాడు మా ఆయన.

"అన్నం వండి పెట్టాను. ఆమె నొక్కితే తింటారు. భయమైతే ఆమె చేతిమీద మీరు చెయ్యి వెయ్యండి. కొడుకు తాకితే మడికేమీ కాదు గదా."

వీధిలో బస్సు హారను మోగింది. అత్త నన్ను చూసింది, కొడుకును చూసింది. ఆయన తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు! అది చూసి ఆమె మొహం ఎలా అయిందో ఇప్పటికీ నాకు గుర్తే. కళ్లు గట్టిగా మూసుకుని, గొట్టం తొడకు ఆనించి, తానే నొక్కింది. టక్కుమంది. మందంతా తోసి, గొట్టం పక్కన పెట్టి, "అన్నం పెట్టరా మల్లికార్జునా" అంది.

నేను సంచి తీసుకుని గడప దాటాను. ఆయన చేతిలో గరిటెతో గుమ్మం దాకా వచ్చి, "ఎప్పుడొస్తావు?" అని అడిగాడు. పెళ్లయినాక ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు.

"చెల్లెలు లేచి తిరిగినాక" అని చెప్పి బస్సెక్కాను.