ఆరున్నొకటో మిషన్

ఐర్లండ్‌లోని బాలింకాలిగ్‌లో ఆ కాసినో తలుపు తీయగానే మధులిక చేసే మొదటి పని, ఏడో జూదం మిషన్ కింద బకెట్ పెట్టడం. బకెట్ ప్రెస్‌లో ఉంటుంది. ప్రెస్ అంటే ఇక్కడివాళ్ల అల్మారా లెండి. ఎమ్మెస్సీ చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసే పిల్లకి అదేం కష్టమైన పని కాదు. రోజూ సాయంత్రం త్రినాథ్ అనే ఆయన వచ్చి ఆ మిషన్ ముందు కూర్చుంటాడు, అది ఏడవడం మొదలెడుతుంది. తెర అడుగునుంచి నీళ్లు కారతాయి, ఉప్పగా. మిగతావాళ్లు కాళ్లు కాస్త పక్కకి పెట్టుకుని ఆడుకుంటారు. మేనేజర్ జెస్సికా ఓసారి మెకానిక్‌ని పిలిపిస్తే, అతను వేలితో రుచి చూసి, మిషన్‌కేం కాలేదు, గ్రాండ్, అంటే భేషుగ్గా ఉందని చెప్పి వెళ్లిపోయాడు.

మధులిక మాత్రం దాన్ని ఏడో నంబర్ అనదు. తెనాలిలో వాళ్ల నాయనమ్మది బియ్యం కొట్టు. ఆవిడ శేరుతో కొలుస్తూ లాభం, రెండు, మూడు అని మొదలుపెట్టి, ఆరు తర్వాత ఆరున్నొకటి అనేది. ఏడు అంటే ఏడవమన్నట్టేనట, వ్యాపారం చేసుకునేచోట ఆ మాటెందుకు? సముద్రాలు దాటొచ్చినా పిల్లకి ఆ అలవాటు పోలేదు.

ఇక త్రినాథ్ సంగతి. మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎవరి జోలికీ పోని మనిషి. పోయినేడాది కొడుకు పుట్టాడు, పుట్టిన రోజే పోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చి ఈయన లాప్‌టాప్ తెరిచి పనిలో పడ్డాడు. భార్య జయశ్రీ నెలల తరబడి చూసింది.

"నాతో కలిసి ఒక్కసారి ఏడవండి, చాలు," అంది చివరికి.

అతనికి చేతకాలేదు. మగాడికి ఏడవడం ఎవరు నేర్పారు గనక, పాపం! ఆమె డబ్లిన్ దగ్గర మెయ్‌నూత్‌లో ఉద్యోగం చూసుకుని, కూతురు లోహితని తీసుకుని వెళ్లిపోయింది. అతని కంట తడి వచ్చిన రోజు ఫోన్ చేయమని గుమ్మంలో చెప్పింది.

అప్పట్నుంచి అతనికి ఇల్లంటే భయం. లోహిత పాత చెప్పులు ఇంకా తలుపు పక్కనే ఉన్నాయి. జయశ్రీ పోపు వాసన మిగిలుందేమోనని ఖాళీ గిన్నెల మూతలు తీసి చూసుకునేవాడు. అది భరించలేకే కాసినోకి వచ్చేవాడు. అతని బదులు మిషన్ ఏడిచేది. గుండె కాస్త తేలికయ్యేది నిజమే గానీ, భార్యకి ఫోన్ చేసి ఏమని చెప్తాడు, మిషన్ ఏడుస్తోందనా?

ఇంతలో కొత్త నిబంధన వచ్చిపడింది. ఒక్కో కాసినోలో ఇన్ని మిషన్లకి మించి ఉండకూడదట. ఇక్కడ ఒకటి ఎక్కువైంది. జెస్సికా ఆలోచించనే లేదు, కార్పెట్ పాడుచేసేదే పోవాలంది. త్రినాథ్ మధులికని పక్కకి పిలిచి, దాని బదులు ఇంకోటి పంపేయమని బతిమాలాడు. ఆమె అడిగి చూసింది, జెస్సికా వినలేదు.

"నా చేతిలో ఏం లేదు, అన్నయ్యా," అని చెప్పడానికి మధులికకి ప్రాణం ఒప్పలేదు, అయినా చెప్పింది.

శనివారం మధ్యాహ్నం లారీ వచ్చింది. త్రినాథ్ ముందే వచ్చి మిషన్ మీద చెయ్యేసి నిలబడ్డాడు. అది వెక్కి వెక్కి ఏడుస్తోంది. అతని కళ్లలో మాత్రం తడి లేదు. లారీవాళ్లు ఏ మిషన్ అని అడిగారు. మధులిక గుమ్మం నుంచి వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. అతని ఎదురుగా ఆగింది. నాయనమ్మ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతని మొహం చూసి ఆ మాట మింగేసింది.

"ఏడు," అంది మెల్లగా.

మిషన్ టక్కున ఆగిపోయింది. బకెట్‌లో ఇంకో చుక్క పడలేదు. లారీవాళ్లు దాన్ని ఎత్తుకుపోయారు. అది ఉన్నచోట, తడి కార్పెట్ మీద త్రినాథ్ చతికిలబడి గుండెలవిసేలా ఏడ్చాడు. మిగతావాళ్లు అలవాటు కొద్దీ కాళ్లు పక్కకి పెట్టుకున్నారు. మధులిక అతని జేబులోంచి ఫోన్ తీసి చేతికిచ్చింది.

మెయ్‌నూత్‌లో జయశ్రీ ఎత్తింది. ఫోన్లో అతని ఏడుపే వినిపించింది. ఆమె విని, తనూ ఏడ్చి, ముక్కు తుడుచుకుంది.

"మీరొచ్చేదాకా లోహితకి రాత్రి అన్నం పెట్టకుండా ఆగుతాను," అంది. "రైలెక్కండి."