టోపీకీ డాలరుకీ మధ్య

"పది నిమిషాలు టైమిస్తున్నా జునిల్దా!" రాజధాని అసున్సియోన్ నుంచి ఇంజినీరు హెనారో ఫోన్‌లో అరిచాడు. "బ్రెజిల్‌కి పోవాలంటే మీ గుండానే పొమ్మని మీ రూటరు మాకు చెబుతోంది. తొమ్మిది లక్షల దారులు! మా జనమంతా మీ డొంకలో ఇరుక్కున్నారు. ఆపకపోతే మీ లింకు తెగ్గొడతా. మళ్ళీ కలపాలంటే ఆర్నెల్ల కాగితాలు."

తప్పు ఊరి ఇంటర్నెట్ చూసే జునిల్దాదే. పొద్దున్నే నది దాటి బ్రెజిల్ ఒడ్డున డిష్ సరిచేసింది. కొత్త లింకు పట్టుకుందన్న సంబరంలో రాజధానికి చెప్పే దారులకు వడపోత పెట్టడం మరిచింది. రద్దీకి ల్యాప్‌టాప్ నుంచి రూటరు అందడం లేదు. అవతలి ఒడ్డున, తన ఊరు కార్మెలో పెరాల్టాలో, ఇంటర్నెట్ నడిపే సహకార సంఘం ఆఫీసులో రూటరు దగ్గరున్నది ఫిర్యాదులు రాసుకునే పెద్దావిడ న్యా బ్లాసిదా ఒక్కతే.

జునిల్దా ఆమెకు ఫోన్ చేసి వడపోత నియమాన్ని ఒక్కో వరసా చెప్పింది. చివరి వరస మిగిలింది.

"టోపీ గుర్తు, ^."

"కొట్టాను."

"డాలరు గుర్తు, $."

"మధ్యలో?"

"నాదా!"

టకటకా చప్పుడు. "ఒప్పుకోనంటోంది అమ్మాయ్. ఎన్, ఏ, డి, ఏ. అక్షరం తప్పలేదే!"

జునిల్దా నెత్తి కొట్టుకుంది. "నాదా అని కొట్టమన్లేదమ్మా, స్పానిష్‌లో నాదా అంటే ఏమీ లేదనేగా, మధ్యలో ఏమీ వద్దన్నాను!"

"ఏమీ లేనిదాన్ని ఎట్లా వడగట్టేది? చల్లటి తెరెరే టీ తాగుతూ చెబుతున్నావా?"

"బయటినుంచి వచ్చిన దారికి, అది దాటొచ్చిన నెట్‌వర్కుల నంబర్లు తగిలించి ఉంటాయి. మన సొంత దారికి ఇంకా ఏ నంబరూ తగల్లేదు. టోపీ మొదలు, డాలరు చివర. మధ్యలో ఖాళీ ఉంటే అది మనది. దాన్నొక్కదాన్నే పోనిస్తాం."

"అట్లా చెప్పు మరి!" న్యా బ్లాసిదా నాలుగు అక్షరాలూ చెరిపింది. "ఆఁ, ఒప్పుకుంది!"

"ఎంటర్ కొట్టి, ఇందాక కాగితం మీద రాయించిన, వడపోతను అమలుచేసే ఆజ్ఞ ఇవ్వండి. తొందరగా!"

ఇంకో నిమిషమే ఉంది. జునిల్దా హెనారోకు ఫోన్ కలిపింది. అతను తెర మీద లెక్క చూస్తున్నాడు.

"దారులు పడిపోతున్నాయి," అన్నాడు చివరికి. "నాలుగు లక్షలు... అరవై వేలు... ఆగు. రెండు. రెండే మిగిలాయి. ఇవి ఎవరివి?"

"మావే!" ఆమె కేకకు పడవల్లోని చేపలవాళ్ళంతా తలలు తిప్పారు. "ఆ రెండూ మావే, దోన్ హెనారో!"