నలభై ఏడో పేజీ

పాసవ్వాలంటే పదికి ఆరు రావాలి. ఇంకొక్కసారి నాలుగు వస్తే జినెవ్రా ఇటాలియన్ సాహిత్యంలో తప్పినట్టే. వేసవంతా సముద్రతీరానికి వెళ్లడం మానేసి చదివి, సెప్టెంబరులో మళ్లీ పరీక్షకు కూర్చోవాలి. ఈ రోజు మౌఖిక పరీక్షకు ఆమె ఒక్క ముక్కా చదవలేదు.

ఎవరిని లేపాలో తేల్చడానికి ఒర్నెల్లా టీచర్ కళ్లు మూసుకుని కవితల పుస్తకం తెరుస్తుంది. పేజీ అంకెలు కూడితే వచ్చేదే హాజరుపట్టీలో నంబరు. అందుకే విరామంలో జినెవ్రా ఆ పుస్తకాన్ని నలభై ఏడో పేజీ దగ్గర విప్పి, దాని మీద బలంగా కూర్చుంది. నాలుగూ ఏడూ పదకొండు. ఆ నంబరు తన క్లాసులోని తాంక్రేదిది.

టీచర్ చేతిలో పుస్తకం బుద్ధిగా అక్కడే తెరుచుకుంది.

"తాంక్రేదీ, రా. ఈ రోజు పద్ధతి మార్చాను. నా కుర్చీలో కూర్చుని నువ్వే ప్రశ్నలడుగు. ఎవరినైనా లేపు."

విరామంలో అంతా చూసిన తాంక్రేది తీరిగ్గా కూర్చున్నాడు.

"జినెవ్రా, రా తల్లీ! ఈ పేజీలో కవిత చదివి, మీ నానమ్మకు ఫోన్లో చెప్పినట్టు చెప్పు."

"బయటికి రా, నీ పని చెప్తా," అని గొణిగి ఆమె చదువుకుంది. తర్వాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"నానమ్మా, ఒకాయన మూడేళ్లుగా ఒకావిడ కిటికీ కింద నిలబడ్డాడు. ఆవిడ తొంగి కూడా చూడలేదు. ఇప్పుడు వానొస్తే, తన కోసం ఆవిడే ఏడుస్తోందని మురిసిపోతున్నాడు పిచ్చి సన్నాసి!"

క్లాసంతా పగలబడి నవ్వింది.

"ఏడు వేయొచ్చు టీచర్," అన్నాడు తాంక్రేది అయిష్టంగా. "కానీ ఈవిడ మీ పుస్తకం మీద కూర్చుంది."

"అందుకు ఒకటి తీసేస్తున్నాను," అంది టీచర్.

"ఆరు చాలు టీచర్!" అని జినెవ్రా ఎగిరి గంతేసింది.