నాన్న వద్దన్న పెంకుపొడి

రాయగడలో మా నాన్న కన్నయ్యది పూజ సామాను కొట్టు. కర్పూరం, సాంబ్రాణి, ఒత్తులు, నూనె, అన్నీ అంటుకునేవే. అందుకే కొట్టు సీలింగుకి మంట పాకని షీట్లు నేను చేసిస్తానన్నాను.

జేకేపూర్ రోడ్డులో గోగునార, పాత ప్లాస్టిక్ కలిపి షీట్లు పోసే చిన్న ఫ్యాక్టరీలో నాది పరీక్షల పని. ఉత్త షీటు అగ్గిపుల్లకే అంటుకుంటుంది. కోడిగుడ్డు పెంకుల పొడి, ఊక బూడిద కలిపితే మంట పాకదు, కాసేపటికి ఆరిపోతుంది. ఆ పాళ్లు కుదరడానికి నాకు రెండేళ్లు పట్టింది.

"గుడ్డు పెంకులా? లచ్చిందేవి పటం మీద నీసేటి, అమ్మీ? నా కొట్లోకి ఒద్దు," అన్నాడు నాన్న.

"బూడిదొక్కటీ మంటని ఆపదు నాన్నా."

"ఇంక ఆ మాట నా దగ్గర ఎత్తకు."

మా ఇంట్లో నీసు సంగతి అడగరు, చెప్పరు. నేను బజార్లో ఆమ్లెట్ తింటానని ఆయనకి తెలుసు. ఏనాడూ అడగలేదు. అయినా ఎందుకో ఆ ఒక్కసారి ఆయన మాట మన్నించాలనిపించింది. ఎనిమిది షీట్లూ పొడి కలపకుండానే పోశాను. ఆ మాట ఎత్తవద్దన్నాడు కాబట్టి ఎత్తలేదు. నాన్న మాట విన్న కూతుర్నని కాస్త గర్వపడ్డాను కూడా.

షీట్లు బిగించిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఫ్యాను వైరు కాలి సీలింగు అంటుకుంది. కొట్టు వెనక గదిలో అమ్మ నిద్రపోతోంది. లోపలికి వెళ్లబోయిన నాన్నకి రెండు చేతులూ కాలాయి. అమ్మ దక్కలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఎవరేం పెడితే అది తిన్నాను. ఫ్యాక్టరీ మేనేజరు మనోరంజన్ బాబు వచ్చి షీట్ల గురించి అడిగితే, పొడి కలపలేదని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఇంత రాయినెలా అయ్యానో నాకే అసహ్యం వేసింది.

పన్నెండో రోజు దాటాక, ఆస్పత్రిలో నాన్నకి జావ పడుతూ చెప్పేశాను.

"షీట్లలో పొడి కలపనేదు నాన్నా."

ఆయన నోట్లో జావ మింగి నా వైపు తిరిగాడు.

"కలపనేదా?"

"నువ్వొద్దన్నావు కదా."

"నేనొద్దనే అంటాను, అమ్మీ. అనకేటి సేస్తాను? నువ్వు కలిపేస్తావనే అనుకున్నాను. ఆ దైర్యంతోనే మీ అమ్మని ఎనక గదిలో పడుకోమన్నాను."

గిన్నెలో జావ ఇంకా సగం ఉంది. మరో చెంచా తీశాను. ఆయన నోరు తెరిచాడు.