నైటీతోనే స్నానం

సర్కారు నడిపే ఆ హోములో మతిస్థిమితం లేని ఆడవాళ్ళకు ఒంటిమీది నైటీతోనే స్నానం చేయిస్తారు. సిగ్గూ మర్యాదా అనుకునేరు, అదేం కాదు. ఇలాంటి చోట ఉండేవాళ్ళ ఒంటిమీద దెబ్బలు కనబడితే, చూసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలని, దాచిపెడితే వాళ్ళదీ నేరమేనని చట్టం వచ్చింది. మంచి చట్టమే. హోము మాత్రం వెంటనే దానికి విరుగుడు కనిపెట్టింది. చూస్తేనే కదా చెప్పాల్సింది!

అక్కడ పనిచేసే ఒక ఆయా కూడా అందరిలాగే నైటీ మీద నుంచే నీళ్ళు పోసేది. ఆమెకు అప్పగించిన మనిషి బుజ్జమ్మ. పేరుకే బుజ్జమ్మ, తల సగం నెరిసింది. మాట రాదు. నవ్వొస్తే మాత్రం ఆయా చెవి పట్టుకుని వదిలేది కాదు. కన్నకూతురు కూడా తనను అంతగా అంటిపెట్టుకోలేదని ఆయా గొప్పలు పోయేది.

ఆ పొద్దున వీపున నీళ్ళు పడగానే బుజ్జమ్మ గిలగిల్లాడింది. ఆయా మనసు ఆగక నైటీ పైకెత్తింది. వీపంతా సిగరెట్టుతో కాల్చిన మచ్చలు. కొన్ని పచ్చిగా ఉన్నాయి, కొన్ని మానిపోయి నల్లబడ్డాయి. ఆ వార్డులో సిగరెట్టు తాగేది ఒక్కడే, మంచాల మీదికి మనుషుల్ని ఎత్తి దించే అటెండరు. అతన్ని అందరూ నోరారా బాబాయ్ అని పిలుస్తారు.

ఆయా సూపరింటెండెంటు గదికి పరుగెత్తింది.

“నిన్నెవరు ఎత్తమన్నారమ్మా?” అన్నాడాయన. ఆయనకు కోపం వచ్చింది మచ్చల మీద కాదు, నైటీ ఎత్తినందుకు. “బాబాయ్‌ని నేను మందలిస్తాలే. నువ్వేం చూళ్ళేదు.”

“చూశాను కదండీ.”

“చూళ్ళేదని చెబుతున్నానా?”

ఆమె బయటికొచ్చి పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చారు, వెంట డాక్టరూ వచ్చింది. ఆయా హమ్మయ్య అనుకుంది.

“ఈమెకు రోజూ స్నానం చేయించేది ఎవరు?” అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

“నేనేనండీ,” అంది, కాస్త గర్వంగానే.

“పాత మచ్చలున్నాయి. మరి అప్పుడెందుకు చెప్పలేదు?”

ఆమె నైటీ సంగతి చెప్పింది. సూపరింటెండెంటు నోరెళ్ళబెట్టి, “అలాంటి పద్ధతి ఎక్కడైనా ఉంటుందాండీ?” అన్నాడు. తోటి ఆయాలు నేలచూపులు చూశారు. బాబాయ్ అయితే కళ్ళు కూడా తుడుచుకున్నాడు, దరిద్రుడు. కాల్చినవాణ్ణి చూసినవాళ్ళు లేరు, కాలినామెకు నోరు లేదు. రోజూ ఆ వీపు కడిగానని ఒప్పుకున్నది ఆయా ఒక్కతే. చట్టం వెళ్ళి ఆమె మెడకే చుట్టుకుంది.

జీపు ఎక్కబోతూ ఆమె అడిగింది. “మరి రేపట్నుంచి దానికి నీళ్ళెవరు పోస్తారండీ?”

“ఇంకెవరున్నారు? కొత్త మనిషి వచ్చేదాకా బాబాయే చూసుకుంటాడు,” అన్నాడు సూపరింటెండెంటు.

బాబాయ్ అప్పటికే బుజ్జమ్మను రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోతున్నాడు. తలుపు పడింది. కాసేపటికి లోపల్నుంచి ఒక అరుపు వచ్చింది. వాకిట్లో ఉన్న ప్రతివాడికీ వినబడింది.

“అయ్యా, అది బుజ్జమ్మే! విన్నారా?” అంది ఆయా.

ఇన్‌స్పెక్టరు జీపు అద్దం పైకెక్కించి, “పోనీ” అన్నాడు డ్రైవరుతో.